నెలసరి తప్పుతోందా? షుగరూ చూపించుకోండి

‘‘మూడు నెలలకోసారి వస్తుంది మేడమ్, మొదట్నుంచీ అంతే.’’

ముప్పై ఏళ్లయినా నిండకుండానే షుగరు బయటపడి మా ఓపీకి వచ్చే అమ్మాయిలను నెలసరి గురించి అడిగితే తరచూ వినిపించే మాట ఇది. మెడ వెనక నలుపు, గడ్డం కింద రోమాలు, ఏళ్ల తరబడి క్రమం తప్పిన నెలసరి... అన్నీ ముందు నుంచే ఉంటాయి. వాటిని కలిపి చూసినవారే ఉండరు. ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అన్న మాటతో ఏళ్లు గడిచిపోతాయి. కానీ పెళ్లితో సర్దుకునే సమస్య కాదిది. దీని పేరు పీసీఓఎస్.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానోత్పత్తి వయసు మహిళల్లో 10-13 శాతం మందికి ఈ సమస్య ఉంటుంది. వారిలో 70 శాతం వరకు తమకు ఇది ఉన్న సంగతే తెలియదు.

అసలేం జరుగుతుంది?

స్కాన్‌లో కనిపించే ‘నీటి బుడగలు’ నిజానికి గడ్డలు కావు. ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాలుండే చిన్న తిత్తులు. వాటిని ఆపరేషన్ చేసి తీయాల్సిన పనిలేదు. అసలు చిక్కు హార్మోన్లలో ఉంటుంది. చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్‌ను తయారుచేస్తుంది. ఇది అండాశయాలను ప్రేరేపించి పురుష హార్మోన్లను పెంచుతుంది. ఫలితంగా అండం నెలనెలా విడుదల కాదు. మొటిమలు, అవాంఛిత రోమాలు, జుట్టు పలచబడటం మొదలవుతాయి. మెడ, చంకల్లో చర్మం నల్లగా మందంగా మారుతుంది. అది మురికి కాదు, నలుగు పెట్టి రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉందనటానికి గుర్తు.

స్కాన్ ఒక్కటే చాలదు

నెలసరి 35 రోజులు దాటి రావటం లేదా ఏడాదికి 8 సార్లలోపే రావటం. పురుష హార్మోన్ల లక్షణాలు, లేదా రక్తపరీక్షలో అవి ఎక్కువగా ఉండటం. స్కాన్‌లో తిత్తులు ఎక్కువగా కనిపించటం- ఈ మూడింటిలో రెండు ఉంటేనే పీసీఓఎస్‌గా భావిస్తారు. అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ సమస్యలు లేవని చూసుకున్నాకే. రజస్వల అయిన తొలి రెండు మూడేళ్లు నెలసరి కాస్త అటూ ఇటూ కావటం సహజం. ఆ వయసులో స్కాన్ చూసి పీసీఓఎస్ అని తేల్చకూడదు. అయితే గొంతు మగవారిలా మారటం, రోమాలు కొద్ది నెలల్లోనే బాగా పెరగటం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. వీటికి వేరే కారణాలుండొచ్చు.

రాకపోతే హాయి అనుకోవద్దు

అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ తగినంత తయారవదు. గర్భాశయం లోపలి పొర మందంగా పెరుగుతూ పోతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే ఆ పొరలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. కాబట్టి పిల్లలు ఇప్పుడే వద్దనుకునేవారైనా, పెళ్లికానివారైనా మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే డాక్టర్‌ను కలవాలి. గర్భం లేదని నిర్ధారించుకుని, నెలసరి వచ్చేలా మాత్రలిస్తారు. మరోమాట. అండం అప్పుడప్పుడు విడుదలవుతూనే ఉంటుంది. అందుకే ‘నాకెలాగూ గర్భం రాదు’ అనుకోవటం పొరపాటు.

ఏ పరీక్షలు?

గ్లూకోజు నీళ్లు తాగాక రెండు గంటలకు చేసే షుగరు పరీక్ష ముఖ్యం. పరగడుపున మామూలుగానే ఉన్నా ఇందులో తేడా బయటపడొచ్చు. ముప్పును బట్టి ఏడాది నుంచి మూడేళ్లకోసారి తిరిగి చేయించుకోవాలి. బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూపించుకోవాలి. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు పరీక్షలు ఉచితంగా చేస్తారు. పీసీఓఎస్ ఉన్నవారు మాత్రం ఆ వయసు వచ్చేదాకా ఆగొద్దు.

చికిత్స ఏంటి?

బరువు ఎక్కువుంటే అందులో 5-10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి గాడిన పడుతుంది. 70 కిలోలున్నవారు మూడున్నర నుంచి 7 కిలోలు తగ్గితే చాలు. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు వేగంగా నడవండి. అన్నం మానేయనక్కర్లేదు. పళ్లెంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండేలా చూసుకుని, పప్పో గుడ్డో చేర్చుకుని, అన్నం తగ్గించండి. కూల్‌డ్రింకులు, బేకరీ తిండి, చక్కెర వేసిన టీలు తగ్గించండి. సన్నగా ఉన్నవారికీ పీసీఓఎస్ రావొచ్చు. వారికీ వ్యాయామం అవసరమే.

నెలసరి క్రమబద్ధం కావటానికి, రోమాలు తగ్గటానికి హార్మోన్ మాత్రలు ఉపయోగపడతాయి. బీపీ, మైగ్రేన్, రక్తం గడ్డకట్టే సమస్యలుంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి. ఇన్సులిన్ బాగా పనిచేయటానికి మెట్‌ఫార్మిన్ ఇస్తారు. రోమాల విషయంలో ఫలితం తెలియటానికి కనీసం 6 నెలలు పడుతుంది. నెలకే మందులు మార్చేయొద్దు. పిల్లలు కావాలనుకునేవారిలో అండం విడుదలకు లెట్రోజోల్ వంటి మాత్రలతోనే చాలామందికి ఫలితం దక్కుతుంది. గర్భానికి ముందే షుగరు అదుపులో ఉండేలా చూసుకోవాలి. పీసీఓఎస్‌లో దిగులు, ఆందోళన కూడా ఎక్కువే. ‘లావయ్యావు, గడ్డాలొస్తున్నాయి’ అని ఇంట్లోవాళ్లు ఎత్తిపొడవటం మానితే అదీ చికిత్సలో భాగమే.

తల్లులకు ఒక సూచన. అమ్మాయి నెలసరి తేదీలను క్యాలెండర్‌లో గుర్తుపెట్టించండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్యాలెండర్‌ను వెంట తీసుకెళ్లండి. జబ్బును గుర్తించటానికి మాకు ముందుగా కావాల్సింది అదే.