మనుమలతో మర్రిచెట్టు దాకా



సామెతల గ్రంథం 17వ అధ్యాయం మనుమలను ముసలివారి కిరీటంతో పోలుస్తుంది. ఆ కిరీటం మన ఓపీ వరండాలో మాకు తరచుగానే కనిపిస్తూ ఉంటుంది. బీపీ చూపించుకోవడానికి వచ్చిన అవ్వ మందుల చీటీ కోసం సంచిలో చెయ్యి పెడితే, చీటీకన్నా ముందు నాలుగు మడతలు పెట్టిన డ్రాయింగ్ కాగితం బయటికి వస్తుంది. "మా మనుమరాలు వేసింది సారూ" అని పక్కనున్న వారందరికీ చూపిస్తుంది. "వయసైపోయింది, ఇంక నాతో ఎవరికేం పని" అని ఐదు నిమిషాల ముందు నర్సమ్మతో అన్నది కూడా ఆ అవ్వే.

అందుకే ఈసారి ఈ పేజీలో మందుల కన్నా ముందు మనుమల గురించి రాయాలనుకున్నాం. చేవెళ్ల, మొయినాబాద్ వైపు చాలా ఇళ్ళలో తల్లిదండ్రులు పొద్దున్నే నగరానికి పనికి వెళ్ళిపోతారు. బడి నుంచి వచ్చిన పిల్లలు చీకటి పడేదాకా అవ్వా తాతల దగ్గరే. పిల్లవాడు కదలకుండా కూర్చోవాలంటే చేతికి ఫోన్ ఇస్తే చాలు. తాతకూ కాస్త విశ్రాంతి. మేము తప్పు పట్టడం లేదు. రోజంతా పిల్లల వెంట తిరగడం అరవై ఐదేళ్ళ మోకాళ్ళకు సులువు కాదు, కొడుకులు కోడళ్ళు కూడా ఆ సంగతి గుర్తుంచుకోవాలి. కానీ ఫోన్ ఉన్నంతసేపూ ఇద్దరూ కూర్చునే ఉంటారు. వారానికి ఒక్క పూటైనా ఇద్దరూ కలిసి బయటికి నడిస్తే ఇద్దరికీ మేలు.

ఎక్కడికి పోవాలి అంటారా? ముందు మన రోడ్డుకే. మొయినాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా రోడ్డుకు ఇరువైపులా 900 దాకా మర్రిచెట్లు ఉన్నాయని చెబుతారు. నిజాం కాలంలో నాటినవి. రోడ్డు విస్తరణలో వీటిని నరకవద్దని పర్యావరణ ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఆ వార్త పిల్లలు టీవీలో విని ఉండవచ్చు. అయితే మీ చిన్నప్పుడు ఏ చెట్టు కింద బండి ఆపి ఎడ్లను విప్పేవారో, ఊడలు పట్టుకుని ఎలా ఊగేవారో టీవీ చెప్పదు. అది మీరే చెప్పాలి. మర్రిపండును చీల్చి చూపించండి. మర్రికి పూలు లేవని చాలామంది అనుకుంటారు గాని, పూలన్నీ ఆ కాయ లోపలే ఉంటాయి. సూదిమొన అంత చిన్న కందిరీగ లోపలికి దూరి పుప్పొడి చేరవేస్తుంది. ఆకును చుట్టి బూర చేయడం, ఈనెపుల్లతో విస్తరి కుట్టడం ఒకసారి నేర్పితే చాలు, పిల్లలు మీరెన్నడూ చూడని బొమ్మలు తామే చేస్తారు.

ఒక్క జాగ్రత్త. ఈ రోడ్డు పక్కన నిలబడి చెట్లు చూడవద్దు. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్న ఘోరాన్ని ఈ ప్రాంతంలో ఎవరూ మరవలేరు. రోడ్డుకు బాగా లోపలగా, మీ ఊరి చెరువు కట్ట మీదో, బడి ఆవరణలోనో ఉన్న చెట్టును ఎంచుకోండి.

జింకలను చూడాలనే పిల్లలకు చిలుకూరులోని మృగవని ఉంది. 1994లో జాతీయ ఉద్యానవనమైంది. చుక్కల జింకలు, నెమళ్ళు కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్తేనే లాభం, ఎండెక్కితే జింకలు కూడా మనలాగే నీడ చూసుకుంటాయి.

ఇక మా మనసుకు బాగా నచ్చింది నీళ్ళ కథ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. అలాంటి వరద మళ్ళీ రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. మనం గండిపేట అనే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొయినాబాద్ ఈ రెండు జలాశయాలకూ దగ్గర. ఆదివారం ఆరాధన అయ్యాక సాయంత్రం వెళ్ళి, దూరంగా నిలబడి ఆ నీళ్ళను చూపించి కథ మొదలుపెట్టవచ్చు. మిగతా సగం కథ నగరంలో ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. ఆ వరద రోజున సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చేవెళ్ల నుంచి మెహిదీపట్నం బస్సెక్కి, అక్కడినుంచి అఫ్జల్‌గంజ్ చేరితే చెట్టును చూడవచ్చు. గండిపేట కట్ట ఎందుకు కట్టారో ఆ చెట్టు దగ్గర పిల్లవాడికి వేరే చెప్పనవసరం లేదు.

అంతదూరం వెళ్ళినవారు మూసీ దాటి సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా రావద్దు. శుక్రవారం సెలవు. గంట గంటకూ చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టే గడియారం దగ్గర పిల్లలు ఎలాగూ కదలరు. మీరు మాత్రం వాళ్ళను మేలిముసుగు రెబెకా దగ్గరికి కూడా తీసుకుపోండి. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి విగ్రహం అది. ముసుగు వెనక ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది, కానీ ముసుగు కూడా రాయే. ఆదికాండము 24వ అధ్యాయంలో ఇస్సాకును చూసి ముసుగు వేసుకున్న రిబ్కాయే ఈమె అని సండే స్కూల్ పిల్లలకు చెప్పి చూడండి. తిమోతికి విశ్వాసం అవ్వ లోయి నుంచి వచ్చిందని పౌలు రాశాడు గదా, అవ్వల మాటకు అంత బలం ఉంది.

ఇంటికి వచ్చాక కాగితం, రంగులు ఇచ్చి ఊరుకోండి. గేదెకు నీలం రంగు వేస్తే వేయనివ్వండి. "సూపర్" అనేసి పక్కన పెట్టే బదులు "ఇదేమిటి బిడ్డా, ఇక్కడెందుకు పెట్టినవ్" అని అడిగితే పిల్లలు అరగంట చెబుతారు. పెద్ద మనుమడి బొమ్మను చిన్నవాడి బొమ్మతో పోల్చడం, చుట్టాలు రాగానే "పాట పాడు, డ్యాన్స్ చెయ్" అని నిలబెట్టడం మాకు నచ్చని పనులు. క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరి వేషం వేసిన మనుమణ్ణి ముందు వరసలో కూర్చుని చూడండి, చప్పట్లు కొట్టండి. అది వేరు.

అయితే ఆ బొమ్మ మీకు కనిపిస్తోందా? కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూస్తున్నారంటే దగ్గరచూపు అద్దాలు కావాలి. రంగులు వెలిసినట్టు, పొగమంచులో ఉన్నట్టు కనిపిస్తే, రాత్రి ఎదురుగా వచ్చే బండి లైటు కళ్ళలో చెదిరితే శుక్లం కావచ్చు. చిన్న ఆపరేషన్‌తో చూపు తిరిగి వస్తుంది, ముదిరేదాకా ఆగనక్కరలేదు. బస్టాప్‌లో ఒక ఆట ఆడండి: వస్తున్న బస్సు బోర్డు ముందు ఎవరు చదువుతారు? ఎప్పుడూ మనుమరాలే గెలిస్తే మీరు కంటి ఓపీకి రండి. కళ్ళు చిట్లించి మనుమరాలే ఓడిపోతుంటే ఆమెను తీసుకురండి. పిల్లలు రోజుకు రెండు గంటలు పగటి వెలుతురులో బయట ఉంటే హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది.

షుగర్ ఉన్నవారు ప్రయాణం హడావిడిలో మాత్ర వేసుకుని టిఫిన్ మానేయడం ప్రమాదం. చెప్పులు లేకుండా నడవవద్దు, ఇంటికి రాగానే అరికాళ్ళు చూసుకోండి, కనిపించకపోతే మనుమణ్ణి చూడమనండి. నడుస్తుంటే గుండెలో బరువు, ఆయాసం వస్తే అక్కడే ఆగి ఆసుపత్రికి రావాలి. చేతికర్రకు సిగ్గుపడకండి. ఎండాకాలంలో పొద్దున పది లోపే ఇల్లు చేరండి.

సంచిలో నీళ్ళు, గ్లూకోజ్ బిస్కెట్లు, చిన్న పొట్లంలో చక్కెర పెట్టుకోండి. వెంట వచ్చే పిల్లలకూ చెప్పి ఉంచండి: తాతకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే వెంటనే చక్కెర పెట్టాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పెట్టకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఇవి పిల్లలకు ఒక్కసారి చెబితే చాలు, గుర్తుంచుకుంటారు. కొందరైతే బొమ్మ గీసి గోడకు అంటిస్తారు కూడా.