మీకు తెలుసా? కోటగోడను కూల్చేది పిట్ట వేసిన గింజ

ఫిరంగులకు నిలిచిన కోటగోడ రావి మొలక ముందు నిలవదు. పిట్ట రావిపండో మర్రిపండో తిని గోడమీద వాలి రెట్ట వేస్తుంది. అందులోని గింజ సున్నం పెచ్చులూడిన సందులో ఇరుక్కుంటుంది. వాన పడితే మొలుస్తుంది. వేరు తడిని వెతుక్కుంటూ లోపలికి దిగి, లావెక్కి, రాయికీ రాయికీ మధ్య ఎడం పెంచుతుంది. పద్మనాయకుల రాచకొండ కోటలో సున్నం ఊసే లేకుండా రాయిమీద రాయి పేర్చి కట్టిన గోడలున్నాయి. అక్కడ వేరు పని ఇంకా సులువు.

పాత కోటల దగ్గర శ్రమదానానికి వెళ్తే మొట్టమొదటి పని ఈ మొలకల సంగతి చూడటమే. వానలు వెనకపట్టాక, ఆ ఏడు పుట్టిన మొలకైతే రెండు వేళ్లతో పీకేయొచ్చు. కాండం గట్టిపడిందా, ఇక లాగకూడదు. వేరుతోపాటు రాయి కూడా ఊడి వస్తుంది. పైకొమ్మలు కోసి ఆపేయాలి. మొదలును మందు పెట్టి చంపడం తెలిసినవాళ్ల పని. ఎండుగడ్డికి అగ్గిపుల్ల గీసి చేతులు దులుపుకునేవాళ్లూ ఉంటారు. అది గడ్డి పెరగడం కన్నా పెద్ద నష్టం. క్వారీల్లో వెనకటికి బండమీద మంట పెట్టే గదా పలకలు లేపింది! గోడలోనిదైనా అదే రాయి, మంటకు అలాగే పగులుతుంది.

పాలమూరు సంస్థానాల కోటలూ బంగ్లాలూ కొన్ని చదువుల పాలయ్యాయి. అది మంచి మాటే. వనపర్తి రాజమహల్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోట ఆవరణలో చెన్నకేశవస్వామి గుడితోపాటు మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరుమీద డిగ్రీ కళాశాల వెలిసింది. జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్, గాంధీ శతజయంతి ఏట 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. వాలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. కోటలోనే కాలేజీ ఉన్నప్పుడు ఆ గంటల కోసం దూరపు ఊరు వెతకాల్సిన పనేముంది?

ఇంగ్లండ్‌లో 1895లో పుట్టిన నేషనల్ ట్రస్ట్ చేతిలో ఎన్నో జమీందారీ బంగ్లాలు, వాటి తోటలు, అడవులు ఉన్నాయి. జనం సెలవు రోజుల్లో వెళ్లి అక్కడ తుప్పలు కొట్టి, కంచెలు బాగుచేసి వస్తారు, సరదాగా. మన నల్లగొండలో గడీ, అంటే దొర కోటలాంటి ఇల్లు, పేరు చెబితే అంత సరదా పుట్టదు. ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అలాంటి గడీల్లో పనంతా వెట్టి. కూలి లేదు, కాదనే దారి లేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం ఆ గడీల మీదికే పోయింది. అందుకని గడీ గోడను ఊరికే వచ్చి బాగుచేయమని ఊళ్లో అడిగితే, ‘మా తాతలు చేసింది చాలదా?’ అని ఏ ముసలాయనైనా నిలదీస్తే తప్పు పట్టలేం. నా మట్టుకు నాకు మాత్రం, వెట్టికి మిగిలిన రాతి సాక్ష్యం ఆ గోడలే. దొర కోసం కాదు, కట్టినవాళ్ల కోసం వాటిని నిలబెట్టుకోవాలి.

సంస్థానాల ఆస్తి అంటే మేడలొక్కటే కాదు. వనపర్తి రాజులు తవ్వించిన ఏడు పెద్ద చెరువులను జనం సప్తసముద్రాలు అంటారు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడిని ఆనుకుని ఉన్న రంగసముద్రం వాటిలో ఒకటి. చెరువు పనిలో మనవాళ్లను బతిమాలాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. 2015లో చెరువుల పూడిక తీసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టిని రైతులే ట్రాక్టర్లు పెట్టుకుని పొలాలకు తోలుకున్నారు. ఒండ్రు పడితే చేను పండుతుందని వాళ్లకు ఒకరు చెప్పాలా? సేవలో ఇంత స్వార్థం కలిస్తేనే పని ఆగకుండా సాగుతుంది.

ఇక చెట్టుకు సెలైన్ పెట్టడం విన్నారా? మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఏడువందల ఏళ్లని చెబుతారు. సుమారు మూడెకరాల్లో పరుచుకున్న చెట్టది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. చూస్తే లోపలంతా చెద. మొదట మానులోకి మందు ఎక్కిస్తే నిలవక బయటికి కారిపోయింది. 2018లో అధికారులు ఆస్పత్రి సెలైన్ సీసాల్లో పలచన చేసిన క్లోరోపైరిఫాస్ నింపి, కొమ్మల పొడవునా వేలాడదీసి, చుక్కచుక్కగా చెట్టులోకి ఎక్కించారు. ఊడలకు గొట్టాలు తొడిగి, అందులో మట్టి, ఎరువు పోసి నేలకు దించారు. బరువు మోయలేని కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు నిలిపారు. చెదకు తోడు మనుషులూ తక్కువ తినలేదు. కొమ్మలకు వేలాడి ఊగినవాళ్లు, బెరడుమీద పేర్లు చెక్కినవాళ్లు ఎందరో. ఇక్కడ సందర్శకుడు చేయగల సేవ ఒక్కటే: చెట్టును ముట్టుకోకపోవడం.

సిమెంటు మాట వచ్చింది కనుక ఇంకొకటి. పాత కట్టడాలకు వాడింది డంగు సున్నం. సున్నం, ఇసుక గానుగలో మెత్తగా నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు కలిపేవారు. ఈ గార గోడలోని తేమను బయటికి వదులుతుంది. పగులు కనబడగానే దాతలు ఉత్సాహంగా సిమెంటు మెత్తుతారు. అది తేమను లోపలే బంధిస్తుంది, చుట్టూ ఉన్న పాత గార పొడి పొడిగా రాలుతుంది. శిల్పాలకు పూసే ఎనామిల్ రంగులూ ఇంతే చెరుపు. పురావస్తు పరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి ఊరూరా తిరిగి, దారిపక్క పడి ఉన్న శిల్పాలను పీఠాలమీద నిలబెట్టుకోండి, రంగులు పూయకండి అని గ్రామస్థులకు చెబుతుంటారు. శ్రీరామోజు హరగోపాల్ కన్వీనర్‌గా ఉన్న కొత్త తెలంగాణ చరిత్ర బృందం గుట్టలూ పొలాలూ తిరిగి శాసనాలను, విగ్రహాలను గుర్తించి లోకానికి చెబుతోంది. పార, గడ్డపార పట్టని సేవ ఇది, ఎవరికైనా చేతనయ్యేది.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. మన వారసత్వాన్ని కాపాడటం పౌరుడి ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ అధికరణం చెబుతుంది. కేంద్ర రక్షిత కట్టడానికి నష్టం కలిగిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తెలంగాణకు 2017లో సొంత వారసత్వ చట్టం వచ్చింది. కాబట్టి మంచి మనసుతో వెళ్తున్నా సరే, పురావస్తు శాఖ అనుమతి కాగితం జేబులో ఉండాలి.

ఏటా ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. కానీ ఏప్రిల్ ఎండలో దేవరకొండ కోట ఎక్కి తుప్పలు కొట్టడం ఫొటోలకే బాగుంటుంది. నవంబరు 19 నుంచి 25 దాకా వారసత్వ వారం ఉంది. అప్పటికి వానలు పోతాయి, మొలకలు ఇంకా లేతగానే ఉంటాయి. మీ కాలేజీలోనో ఊళ్లోనో పదిమందిని కూడగట్టి, ఆ వారానికి ఇప్పుడే అనుమతి అడగండి. నిండుచేతుల చొక్కా, చేతికి తొడుగులు మరవకండి. కోటల చుట్టూ పెరిగే వయ్యారిభామ కలుపు మొక్క తగిలితే, పడనివాళ్లకు ఒళ్లంతా దద్దుర్లే.