కాలు నేలపై నిలిపి మనస్సు కుదుటపరచుకొనుట

వరి పండించు రైతునకు కార్తీక మార్గశిర మాసములు ఆశకును భయమునకును నడుమ గడచు కాలము. కంకి బరువెక్కి చేను వంగియుండును. అట్టి తరుణమున బంగాళాఖాతములో వాయుగుండము పుట్టినదను వార్త చెవిని బడినచో ఇంటిల్లిపాదికి నిదుర పట్టదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు, కోతకు వచ్చిన వరిచేలు ఎన్నియో నేలకొరిగి నీట మునిగినవి. చుండూరును, దాని చుట్టుపట్ల గ్రామములును ఆ తీరమునకు చేరువనున్న కృష్ణా పశ్చిమ డెల్టాలోనివే.

చేలోని నీరు కొన్ని దినములకు తీయును. మనస్సులోని కలవరము అంత త్వరగా తీయదు. కౌలు ఎట్లు చెల్లింతుము, అప్పు ఎట్లు తీర్తుము, పిల్లల చదువు ఏమగును అను ఆలోచనలు గానుగెద్దువలె ఒకేచోట తిరుగుచుండును. అట్టి వేళ మనస్సును మరల కాలిక్రింది నేలకు, కంటియెదుటి పనికి త్రిప్పుకొను అభ్యాసమును గూర్చి ఇచ్చట వివరింపదలచినాము.

ఇది వట్టి ఊహ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒత్తిడిని తట్టుకొను మార్గములను గూర్చి బొమ్మలతో ఒక పుస్తకమును ప్రచురించినది. అందలి మొదటి పాఠము ఈ అభ్యాసమే. ఉగాండా దేశమున తలదాచుకొన్న దక్షిణ సూడాను స్త్రీలకు అందలి పాఠములను గుంపులుగా కూర్చుండబెట్టి నేర్పి పరీక్షించిరి. మూడు నెలల తరువాత చూడగా, ఆ పాఠములు నేర్వని వారికంటె నేర్చినవారి మనోవేదన ఎక్కువగా తగ్గియుండెను.

మన ప్రాంతమునకు ఇట్టి సాధన క్రొత్తది కాదు. బాపట్ల జిల్లాలోనే యున్న భట్టిప్రోలు ప్రాచీన బౌద్ధ క్షేత్రము. 1892లో అలెగ్జాండర్ రే అచ్చటి స్తూపమును త్రవ్వించినప్పుడు శాసనములు గల ధాతుకరండములు బయల్పడినవి. శ్వాసను గమనించుట, మెల్లగా నడచుచు ప్రతి అడుగును గమనించుట బౌద్ధభిక్షువుల నిత్యసాధనలు. మదనపల్లె సమీపమునగల రిషివ్యాలీ పాఠశాలలో విద్యార్థులు సాయంకాలము ఆరుబయట చేరి, మాటలాడక సూర్యాస్తమయమును చూచు వాడుక కలదు. దానికి అస్తాచలమని పేరు. ఆ విద్యాలయమునకు మూలపురుషుడు మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి. జపాను దేశపు అటవీశాఖ 1982 నుండి చెట్ల నడుమ నెమ్మదిగా మెలగుటను ఆరోగ్యమునకై ప్రోత్సహించుచున్నది.

ఇందలి కీలకమేమి? భయము కలిగినంతనే గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి పైపైన ఆడును, కండరములు బిగియును. ఎదుట పాము పడగ విప్పినప్పుడు ఈ సన్నాహము ప్రాణరక్షకము. కాని రేపటి అప్పును తలచుకొన్నను శరీరము అట్లే ప్రవర్తించును. ఊపిరిని నెమ్మదిగా, దీర్ఘముగా విడిచినచో నాడీమండలము ద్వారా గుండెకు నిదానించుమను సంకేతము అందును. కన్ను, చెవి, చర్మము, ముక్కు గ్రహించుదానిపై దృష్టి నిలిపినచో తిరుగుడు ఆలోచనలకు కొంత విరామము కలుగును.

చేయవలసిన విధము తేలిక. తెల్లవారిన పిమ్మట, ఎండ ముదురక మునుపు, చేని గట్టునగాని పెరటి వేపచెట్టు క్రిందగాని నిలువుడు, లేదా కూర్చుండుడు. రెండు పాదములను నేలకు ఆనించి, శరీరపు బరువును నేల మోయుచున్నదని గమనింపుడు. ఊపిరిని పూర్తిగా విడిచి, నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికంటె ఎక్కువసేపు విడువుడు. పిదప కంటికి కనబడు ఐదు వస్తువులను చూడుడు: తాడిచెట్టు, కొంగ, గడ్డిపరకపై మంచు, ఏదైనను సరే. తాకి తెలిసికొనదగిన నాలుగింటిని, చెవికి వినబడు మూడింటిని, ముక్కుకు తెలియు రెండింటిని, నాలుకపై నిలిచిన ఒక రుచిని గుర్తింపుడు. ఆలోచనలు మరల వచ్చును. వచ్చినందుకు విసుగుకొనక, దృష్టిని తిరిగి పాదములపైకి తెచ్చుకొనుడు. ఐదు నిమిషములు చాలును. కన్నులు మూయనక్కరలేదు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. తడిగట్లపై పాములు తిరుగును. చూచి అడుగు వేయవలెను. పాము కరచినచో ఆలసింపక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరవలెను. మలముతో మలినమైన నేలపై వట్టికాళ్లతో నడచినచో కొంకిపురుగులు చర్మము గుండా దేహమున ప్రవేశింపవచ్చును. పురుగుమందు చల్లిన చేనికి పోరాదు. నేలనుండి విద్యుత్తు శరీరమున కెక్కి రోగములను కుదుర్చునని కొందరు చెప్పుదురు; దానికి తగిన నిదర్శనము లేదు. చెప్పులతో నిలిచినను ఈ అభ్యాసము ఫలించును.

వేరొక విషయము. ఒకే గట్టు అందరికిని ఒకే శాంతిని ఈయదు. 1991 ఆగస్టు 6వ తేదీన చుండూరులో ఎనిమిదిమంది దళితులు హతులైరి. ఆ దినపు జ్ఞాపకము మోయువారికి చేలు, కాలువలు భయమును గుర్తుచేయవచ్చును. ఎవరికి ఎచ్చట నిర్భయముగా నుండునో వారచ్చటనే కూర్చుండవలెను. అది ఇంటి అరుగైనను మంచిదే. ఊపిరిని నిలుకడపరచుకొనుట న్యాయమునకు బదులు కాదు, నష్టపరిహారమునకును బదులు కాదు. బాధపడినవానిని ‘ధ్యానము చేసికొనుము’ అని పంపివేయుట తగదు.

మరి ప్రయోజనమేమి? కుదుటపడిన మనస్సు తరువాతి పనిని చూడగలదు. గట్లకు గండ్లు కొట్టి నీటిని తీసివేయుట, పడిన దుబ్బులను లేపి కట్టుట, పండిన కంకులు మొలకెత్తకుండ లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లుట, నష్టమును ఫోటోలు తీసి వ్యవసాయ సిబ్బందికి తెలుపుట తుపాను వెలిసిన వెంటనే జరుగవలసినవి. దిగాలుపడి కూర్చున్నచో ఇవి జరుగవు.

రెండు వారములు గడచినను నిదుర, ఆకలి కుదురకున్నను, బ్రదుకు వలదను తలపు వచ్చినను ఈ అభ్యాసముతో సరిపెట్టుకొనరాదు. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడవచ్చును. ఆ తలపు వచ్చినవారిని ఒంటరిగా విడువరాదు. పురుగుమందు డబ్బాలను తాళము వేసి, తాళపుచెవిని వేరొకరి చేతికీయవలెను.

గ్రామములందలి స్వయంసహాయక సంఘములు, పాఠశాలలు ఈ ఐదు నిమిషముల అభ్యాసమును తుపాను రాకముందే, ప్రశాంత దినములలో నేర్పుట మేలు. ఈత నేర్చుకొనుటకు వరద వచ్చు దినము తగినది కాదుగదా!