పడవలో కూర్చుని స్తంభాలు లెక్కపెడితే

పుష్కర ఘాట్ నుంచి బోటు కదిలిందో లేదో, మావాడు వంతెన స్తంభాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. విశాఖలో పుట్టి పెరిగినవాడు కదా, సముద్రం తప్ప మిగతావన్నీ చెరువులే అని వాడి నమ్మకం. ఇరవై దాటాక లెక్క తప్పి, "మొత్తం ఎన్నిరా?" అన్నాడు. ఏ వంతెనకో చెప్పమన్నాను.

రాజమండ్రిని పుస్తకాల్లో చదివినవాళ్లకి ముందు నన్నయ గుర్తొస్తాడు, తర్వాత 1881లో ఇక్కడే తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం. నీళ్ల మీద నుంచి చూసేవాడికి మాత్రం కనిపించేది వంతెనలే. ఒకే నదిని ఒకే ఊరి దగ్గర నూరేళ్లలో మూడుసార్లు దాటారు. ఎలా దాటారో అంకెల్లోనే ఉంది.

మొదటిది హేవలాక్ వంతెన. 1897లో పని మొదలై 1900లో రైలు నడిచింది. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరాన్ని ఇంజనీర్లు స్పాన్ అంటారు. దీనికి అలాంటివి 56, ఒక్కొక్కటి 45.7 మీటర్లు. కట్టించిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్ అంతకుముందు కాశీలో గంగ మీద వంతెన కట్టి వచ్చినవాడు. మనవాళ్లు కాశీకి పోయి వచ్చి గోదావరిలో మునుగుతారు, ఆయనా అదే వరసలో వచ్చాడన్నమాట.

రెండోది 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన. 91.5 మీటర్ల స్పాన్లు 27, పాత కొలతవి ఇంకో 7, మొత్తం 34. మూడోది అందరూ ఫొటోలు తీసుకునే ఆర్చి వంతెన. దాని కట్టడం 1997లో పూర్తయింది. స్పాన్లు 28, ఒక్కొక్కటి 97.55 మీటర్లు.

56, 34, 28. నది వెడల్పు తగ్గలేదు, నదిలో దింపే కాళ్లే తగ్గాయి. గోదావరి అడుగంతా ఇసుక. స్తంభం నిలబడాలంటే దాని కింద పెద్ద బావిలాంటి పునాది కావాలి. లోపలి ఇసుక తోడిపోస్తూ, గోడ పైకి కడుతూ, ఆ బావిని తన బరువుతోనే కిందికి దిగనివ్వాలి. వరద రాకముందే ఆ పని ఒక కొలిక్కి రావాలి. అందుకే ప్రతి స్తంభమూ నదితో ఒక పేచీ. స్పాన్ రెట్టింపైతే పేచీలు సగమవుతాయి. నా మట్టుకు నాకు ఆ ఆర్చీల అందం కంటే ఈ తీసివేతే ఎక్కువ నచ్చుతుంది.

ఇక్కడ మావాడికి ఒక అనుమానం వచ్చింది. రెండో వంతెన పొడవు ఒకచోట 2.8 కిలోమీటర్లు, ఇంకోచోట 4.1 అని చదివాడట. రెండూ నిజమే. కింద పోయే రైలుకి నది దాటితే చాలు. పైన పోయే రోడ్డు అంత ఎత్తు నుంచి నేలకి మెల్లగా దిగాలి కదా, ఆ దిగుడుకే మిగతా 1.3 కిలోమీటర్లు.

"అంతా బాగుంది కానీ, నీళ్లు కదలట్లేదేంట్రా?" అన్నాడు. కదలనివ్వట్లేదు మరి. దిగువన ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. దాని స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉంది. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175. ఆ గేట్లు మూసినప్పుడు వెనక నిలిచే నీటి మీదే మన షికారు. ఊరి ముందు కనిపించే ఈ నిండుతనంలో సగం ఇంజనీర్ల చలవే.

గేట్లన్నీ ఎత్తేసిన రోజుల్లో లెక్క వేరు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల పైచిలుకు. వంద కోట్ల ఘనపుటడుగులైతే ఒక టీఎంసీ. మొదటి హెచ్చరిక నాడు పదిహేడు నిమిషాలకో టీఎంసీ సముద్రంలోకి పోతుంది.

1986 ఆగస్టులో వచ్చింది 35.06 లక్షల క్యూసెక్కులు. ఐదు నిమిషాలు తిరక్కుండానే ఒక టీఎంసీ! అదే ఉధృతి రోజంతా ఉంటే 303 టీఎంసీలు. నాగార్జునసాగర్ పూర్తి నిల్వ ఇప్పుడు 312. అంత వరదనీ ఎనభై ఆరేళ్ల హేవలాక్ వంతెన కాచుకుంది. మావాడు మళ్లీ చెరువు మాట ఎత్తలేదు.

బోటు వెనక్కి తిరిగేసరికి చీకటి పడింది. లైఫ్ జాకెట్ చెమటకి ఒంటికి అంటుకుంటోందని విప్పబోతే వద్దన్నాను. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజున గోదావరిలో ఉన్నది సుమారు 5 లక్షల క్యూసెక్కులు, మొదటి ప్రమాద హెచ్చరికలో సగం. ఆ హెచ్చరికలు గట్లకీ లంక ఊళ్లకీ పెట్టుకున్న కొలతలు, పడవలకి కాదు. వానాకాలంలో గోదావరి మీదికి వెళ్లేవాళ్లు టికెట్ ధర కంటే ముందు ఆ రోజు ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయో అడగండి. జాకెట్ బకిల్ పెట్టుకున్నాకే ఫొటోలు.