ముట్టుకోకుండా నాడి చూసే కెమెరా

నాడి చూడాలంటే చెయ్యి పట్టుకోవాలని మనందరికీ తెలుసు. చెయ్యి పట్టకుండా, మంచానికి దూరంగా ఉన్న కెమెరాతో కూడా నాడి చూడవచ్చంటే నమ్ముతారా?

ఇందులో మాయ ఏమీ లేదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ముఖంలోని సన్నని రక్తనాళాల్లోకి రక్తం ఎక్కువగా వస్తుంది. అప్పుడు చర్మం వెలుతురును కాస్త ఎక్కువగా పీల్చుకుంటుంది. ఈ తేడా మన కంటికి ఆనదు, కెమెరాకు ఆనుతుంది. దాన్నిబట్టి కంప్యూటర్ నాడిని లెక్కగడుతుంది. ఛాతీ కదలికను బట్టి ఊపిరి లెక్క కూడా చెబుతుంది.

2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు మామూలు వెలుతురులో, మామూలు కెమెరాతో దీన్ని చేసి చూపించారు. 2014 నాటికి ఆక్స్‌ఫర్డ్‌లో డయాలిసిస్ రోగుల మీద, నెలలు నిండకుండా పుట్టిన పసికందుల మీద పరీక్షించారు. అలాంటి బిడ్డల చర్మం చాలా పలుచన. అంటించిన పట్టీ తీసేటప్పుడు చర్మం లేచిపోవచ్చు. వారికి ముట్టుకోని పరికరం ఎంతో మేలు.

అయితే అనంతపురం సీమవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ వెలుతురును తానే పీల్చుకుంటుంది. అందుచేత నల్లని ఒంటి మీద, అందులోనూ వేరుశనగ చేలలో ఎండకు కమిలిన ముఖం మీద, కెమెరాకు ఆనవాలు తక్కువగా దొరుకుతుంది. 2015లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంవారు నల్లని చర్మానికీ పనికివచ్చే పద్ధతి ఒకటి రూపొందించారు. అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. వెలుతురు చాలకపోయినా, రోగి కదిలినా లెక్క తప్పవచ్చు. వడదెబ్బ వల్లనో, విరేచనాల వల్లనో ఒంట్లో నీరు బాగా తగ్గి, కాళ్లూ చేతులూ చల్లబడిన రోగికి చర్మంలో రక్తప్రసారమే తగ్గుతుంది. సరిగ్గా అవసరమైన వేళ ఆనవాలు మరీ బలహీనమవుతుంది.

కనుక యంత్రం ఉన్నా లేకపోయినా రోగి పక్కన కూర్చునేవారు ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. ఒంట్లో పరిస్థితి దిగజారుతున్నదని ముందుగా తెలిపే గుర్తుల్లో ఊపిరి వేగం ముఖ్యమైనది. రోగి నెమ్మదిగా పడుకుని ఉన్నప్పుడు, అతనికి చెప్పకుండా, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పెద్దవారికి 12 నుంచి 20 వరకు మామూలు. 25 లేదా అంతకుమించితే వెంటనే నర్సుకు చెప్పండి.

పసిపిల్లల లెక్క వేరు. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేళ్ల లోపు పిల్లలకు 40 – అంతకు చేరినా, మించినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. పెద్దవారి నాడి విశ్రాంతిగా ఉన్నప్పుడు 60 నుంచి 100 మధ్య ఉండాలి.

లెక్కపెట్టిన సంఖ్యను, వేళను ఒక కాగితం మీద రాసి ఉంచండి. "ఆయాసపడుతున్నాడు" అనడం కన్నా "ఉదయం 18, ఇప్పుడు 28" అని చెబితే డాక్టరుగారికి సంగతి వెంటనే అర్థమవుతుంది.