మచ్చల రెక్కల దోమ

సికిందరాబాదు కంటోన్మెంటుకు చేరువలో, బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఒక పాత భవనం ఉన్నది. ఒకప్పుడది సైనికుల ఆసుపత్రి. 1897 ఆగస్టు 20వ తేదీన అక్కడ రోనాల్డు రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ పొట్టను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి మలేరియా గుట్టును బయటపెట్టాడు. ఈ కథ బడిపిల్లలకు కూడ తెలిసినదే. భాషను గురించి ఆలోచించేవారు తెలుసుకోదగిన సంగతి మరొకటి ఉన్నది. ఆ దోమ శాస్త్రీయనామం ఆనాటికి రాస్‌కు తెలియదు.

తాను పరీక్షిస్తూ వచ్చిన దోమలకు అతడు కంటికి కనుపించిన గుర్తులనుబట్టి పేర్లు పెట్టుకున్నాడు. బూడిదరంగువి కొన్ని, చారలున్నవి కొన్ని, రెక్కలమీద మచ్చలున్నవి కొన్ని. మూడవ రకమే అసలు దోషి అని చివరకు తేలింది. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని ఆ మచ్చల రెక్కల దోమలచేత కుట్టించి, కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ఇచ్చాడు. పంకా విసిరితే కోసిన దోమలు చెదిరిపోతవని ఆ ఉక్కలో పంకా కూడ వద్దన్నాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినవి. నాలుగవనాడు కోసిన దోమ జీర్ణకోశపు గోడలో గుండ్రని కణాలు, వాటిలో నల్లని రేణువులు కనిపించినవి. మరునాడు కోసిన దోమలో అవే కణాలు ఇంకా పెద్దవై ఉన్నవి. పెరుగుతున్నదంటే ప్రాణమున్నదనే గదా!

ఆ సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ వ్యాసాన్ని ప్రచురించింది. మలేరియా రక్తం త్రాగిన రెండు దోమలలో కనిపించిన కొన్ని వింత కణాలను గురించి అని దాని శీర్షిక భావం. రెండు దోమలు, కొన్ని కణాలు. 1902లో నోబెల్ బహుమానం తెచ్చిపెట్టిన పరిశోధనకు పెట్టుకున్న పేరు అది. ఆ దోమ గుడ్లను వర్ణించవలసివచ్చినప్పుడు కూడ అతడు వాటిని పాతకాలపు పడవతో పోల్చాడేగాని నిఘంటువు తిరగవేయలేదు.

ఇదే సంగతిని మన పాఠ్యగ్రంథాల ధోరణిలో చెప్పవలసివస్తే ఎలా ఉంటుంది? ‘మలేరియా వ్యాధి సంక్రమణ ప్రక్రియయందు మశక జాతివిశేషముయొక్క వాహకత్వ పాత్ర పరిశీలనాత్మకముగ నిర్ధారింపబడినది.’ వాక్యం గంభీరంగా ఉన్నది. చదివినవాడు తల ఊపక మానడు. కాని ఎవరు నిర్ధారించారు? ఏ దోమలో? ఎన్ని దోమలలో? ఏమి చూచి? ఒక్కదానికీ జవాబు లేదు. రాస్ వ్యాసం చదివిన మరొక వైద్యుడు మచ్చల రెక్కల దోమను పట్టి తెచ్చి తానుకూడ పరీక్షించుకోవచ్చును, తప్పయితే తప్పనవచ్చును. పై వాక్యాన్ని తప్పనడానికి ఎవరికీ సందు దొరకదు. ఆడంబరభాష చేసే అసలు అపకారం ఇదే. కష్టంగా ఉండడం దాని చిన్న నేరం. కర్తను, సంఖ్యను, సందేహాన్ని మింగి నిబ్బరంగా కూర్చోవడం పెద్ద నేరం.

అట్లని పారిభాషికపదాలే వద్దనడం అవివేకం. మచ్చల రెక్కల దోమ అనే పేరు రాస్ బల్లమీద చాలినది, లోకానికి చాలదు. ఆ కుటుంబంలో నాలుగువందలకు పైగా జాతులున్నవని తరువాత తేలింది. అందుకే అనాఫిలిస్ అన్న పేరు అవసరమైనది. గ్రీకు భాషలో ఆ మాటకు ‘పనికిరానిది’ అని అర్థం! 1818లో ఆ పేరు పెట్టినవాడు దాని పాపాన్ని ఎరుగడు. మలేరియా మాత్రం ఏమిటి? ఇటలీవారి నోట ‘చెడుగాలి’. ఘనంగా వినిపించే ఈ పేర్లు తమ తమ దేశాలలో ఇంత సాదా మాటలు. వస్తువును తక్కినవాటినుండి వేరుచేసి చూపినంతకాలం పేరు పనిముట్టు. పనిముట్టుకు అందం లేదని ఎవరూ బాధపడరు. మొక్కుబడిగా పూజగదిలో పెట్టినప్పుడే చిక్కు.

తెలుగులో శాస్త్రం వ్రాయబూనినవారు ఈ చిక్కును మొదటినుండి ఎదుర్కొన్నారు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రతోపాటు శాస్త్రగ్రంథాలనుకూడ తెలుగువారికి అందించారు. చూచి వ్రాయడానికి ముందరివారి గ్రంథాలు లేనంతగా ఉన్న రోజులవి. ఆనాటివారు, వారి తరువాతివారు రెండు త్రోవలు త్రొక్కారు. ఒకటి, ఐరోపా పదాన్ని విప్పి సంస్కృతంలో మళ్ళీ కట్టడం. ఆక్సిజన్ ఆమ్లజని అయినది ఇట్లాగే. ఆమ్లాలన్నిటికీ తల్లి అదేనని లావోజియే భ్రమపడి ఆ పేరు పెట్టాడు. ఉప్పునుండి తీసే ఆమ్లంలో అది లేనే లేదని 1810లో హంఫ్రీ డేవీ చూపాడు. గ్రీకు ముసుగులో ఆ పొరపాటు ఇంగ్లీషు పిల్లవానికి కనిపించదు. తెలుగు పిల్లవానికి మాత్రం పేరులోనే తప్పుపాఠం చెప్పినట్లయినది. ‘ప్రాణవాయువు’ అన్న మాట ఇంతకంటె వేయిరెట్లు మేలు.

రెండవ త్రోవలో పుట్టినది బొగ్గుపులుసు వాయువు. దీన్ని చూచి నవ్వినవారున్నారు. నవ్వవలసినదేమున్నదో తెలియదు. బొగ్గు కాలితే వచ్చేది, నీటిలో కరిగితే కొంచెం పులిసేది. సోడా త్రాగిన ప్రతివాని నాలుకకూ సాక్ష్యం ఉన్నది. ‘కిరణజన్య సంయోగక్రియ’ పొడుగయినా, ఉపాధ్యాయుడు విప్పి చెపితే కిరణమూ కలయికా కనిపిస్తవి. ‘బాష్పోత్సేకం’ ఎంత విప్పినా విడిపడదు. ఆకులనుండి నీరు ఆవిరియై పోవడమని ముందు చెప్పి, తరువాత దాని పేరిదని చెపితే ఇబ్బంది లేదు. పేరు చెప్పి ఊరుకుంటే పరీక్షలో మార్కు వస్తుంది. ఎండాకాలంలో మొక్క ఎందుకు వాడుతుందో మాత్రం తెలియదు.

ఈ తగవు తెలుగువారిది మాత్రమే కాదు. ఇదే నగరంలో 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయంకోసం శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి దించింది. అరబ్బీ, ఫారసీ ధాతువులనుండి పదాలు కట్టడమా, ఉన్న మాటలతో సరిపెట్టడమా అని అక్కడ పండితులు వాదించుకున్నారు. పదనిర్మాణంమీద వహీదుద్దీన్ సలీం 1921లో ఒక గ్రంథమే వ్రాశాడు.

పండితులు ఇట్లా తర్జనభర్జనలు పడుతూ ఉండగా, పనివాడు తన మాటలు తాను చేసుకున్నాడు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ పదాల కోశాన్ని ప్రచురించింది; తరువాత చేనేత, వాస్తు పదాలకుకూడ కోశాలు వచ్చినవి. తాపీ మేస్త్రీ చేతిలోని రసమట్టం, మూలమట్టం ఎంత కచ్చితమైన పదాలు! నేతగాని పడుగు, పేక, నాడె. రైతు మేడి, నొగ, కర్రు. ఇవి అందరికీ తెలిసిన మాటలు కావు, నిజమే. కాని తెలియనివానికి వస్తువును చేతికిచ్చి చూపవచ్చును. మాట చాటున దాచిపెట్టినదేమీ లేదు.

రైలు సిగ్నలుకు ‘ధూమశకట గమనాగమన సూచిక’ అని అనువాదం చెప్పే ఛలోక్తి ఒకటి చాలకాలంగా ప్రచారంలో ఉన్నది. 1874లో సికిందరాబాదుకు రైలు వచ్చిననాటినుండి ఏ పోర్టరూ, ఏ ప్రయాణికుడూ ఆ మాట అని ఉండడు. సిగ్నలు పడిందంటే అందరికీ తెలుసు. అయినా తెలుగులో శాస్త్రం చెప్పరాదనేవారికి ఈ ఛలోక్తి పెద్ద ఆయుధమైపోయినది. వారు గమనించనిది ఒకటున్నది. సంస్కృతపు శాలువా కప్పుకున్న ఆడంబరం ఈనాడు పలచబడి, ఇంగ్లీషు కోటు తొడుక్కున్నది. ‘ప్రాసెస్‌ను ఎఫెక్టివ్‌గా ఇంప్లిమెంట్ చేయడం ద్వారా అవుట్‌పుట్ ఆప్టిమైజ్ అవుతుంది’ అన్నవాడు ధూమశకటం అన్నవానికి సాక్షాత్తు సోదరుడు. పని బాగా చేస్తే ఫలితం బాగుంటుందన్నంతకంటె అతడు చెప్పినది లేదు. సిగ్నలు అరువుమాటే, అయితే అది ఒక వస్తువును చూపుతుంది. ఇంప్లిమెంట్ దేనిని చూపుతుంది?

పరీక్ష మార్కులతో పోయేదయితే ఇంత చర్చ అక్కరలేదు. పురుగుమందుల సంగతి చూడండి. 1968 చట్టాన్ని అనుసరించి 1971లో చేసిన నియమాల ప్రకారం డబ్బాతోపాటు ఇచ్చే కరపత్రం ప్రాంతీయభాషలో కూడ ఉండాలి. డబ్బామీద, మూలమీద నిలబెట్టిన చదరంలో ఒక రంగు త్రిభుజం ఉండాలి. ఎరుపయితే అతితీవ్రమైన విషం. ఆ తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపుదానికి పైన పుర్రె బొమ్మకూడ ఉంటుంది. ఆ పుర్రెను అర్థం చేసుకోవడానికి అక్షరాలు అక్కరలేదు. కరపత్రం సంగతి అట్లా కాదు. ‘పవన ప్రతికూల దిశయందు ద్రావణ పిచికారి పరిహరణీయము’ అన్న ధోరణిలో చీమతలకాయలంత అక్షరాలలో వ్రాస్తే, పత్తిచేలో డబ్బా వీపున కట్టుకుని నిలుచున్నవాడు ఏమి చదువుతాడు, ఏమి పరిహరిస్తాడు? పోనీ రంగు చూచుకుంటాడనుకుందాం. ఆకుపచ్చ అంటే విషం తక్కువ అని అర్థం, లేదని కాదు. పచ్చజెండా చూచి పెరిగినవానికి ఆకుపచ్చ భయం లేదన్నట్లే తోస్తుంది. ఆ త్రిభుజం ప్రక్కన ఆరు తెలుగు మాటలకు చోటుంటే చాలును: ‘ఇది కూడ విషమే. గాలికి ఎదురుగా కొట్టవద్దు.’