తియ్యని పొగ, చక్కెర జబ్బు



జమ్మలమడుగులో ఉండే మా అబ్బకు చక్కెర జబ్బు. డాక్టరు చెప్పినాక బీడీ మానినాడు. సంక్రాంతికి మా చిన్నాయన ప్రొద్దుటూరు నుంచి పెన్ను మాదిరి ఒకటి తెచ్చినాడు. "ఇది బీడీ కాదు నాయనా, ఉత్త ఆవిరి" అన్నాడు. మామిడిపండు వాసన వచ్చింది. నాకు భయమేసి మన సైన్సు మేడంను అడిగినాను.

దాన్ని ఈ-సిగరెట్టు అంటారు. అందులో పోసే ద్రవంలో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, వాసన మందులు ఉంటాయి. చాలావాటిలో నికోటిన్ కూడా ఉంటుంది. గ్లిజరిన్ తియ్యగా ఉంటుంది గానీ చక్కెర కాదు. మన కాలేయం దాన్ని చక్కెరగా మార్చగలదు, కానీ ఆవిరిలో పోయేది కొంచెమే.

అసలు దొంగ నికోటిన్. పొగాకులో ఉండేదీ అదే. అది ఒంట్లో అడ్రినలిన్‌ను పెంచుతుంది. పరుగు పందెం ముందు మనకు గుండె దడదడలాడేది దానివల్లే. అప్పుడు కాలేయం దాచిన చక్కెరను రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ కూడా సరిగా పనిచేయదు. అందుకే చక్కెర జబ్బు వాళ్ళకు అది మంచిది కాదు.

మన దేశంలో 2019లోనే వీటి అమ్మకాన్ని నిషేధించినారు.

ఆదివారం ఫోనులో అబ్బకు ఇదంతా చెప్పినాను. "అయితే ఇది బీడీకి తమ్ముడే కదమ్మా!" అన్నాడు. నిజంగా మానినాడో లేదో ఉగాదికి పోయి చూడాల. మీ ఇండ్లల్లో కూడా చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని